నిద్ర ఎవరి కోసం? – ఆటిజం గల వయోజనుల క్షేమం, సమాజ ధర్మం

మనిషి జీవితంలో దాదాపు మూడవ వంతు నిద్రలో గడుస్తుంది. అయినప్పటికీ నీతిశాస్త్ర చర్చలలో నిద్రకు లభించిన స్థానం స్వల్పం. మేలుకొని ఉన్న మనిషి ఏమి చేయాలి, ఏమి చేయరాదు అన్న ప్రశ్నను అన్ని దేశాల తత్త్వవేత్తలూ విచారించారు. నిద్రించే మనిషికి చుట్టూ ఉన్నవారు ఏమి బాకీపడి ఉన్నారన్న ప్రశ్న మాత్రం వెనుకబడిపోయింది. నిద్ర ఎవరికి వారు చూసుకోవలసిన సొంత వ్యవహారమనీ, నిద్ర పట్టనివారు తమ అలవాట్లను సరిదిద్దుకోవాలనీ ఒక సామాన్యాభిప్రాయం స్థిరపడి ఉన్నది.

ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవడానికి ఆటిజం గల వయోజనుల జీవితాన్ని పరిశీలించడం అవసరం. తమ నిద్ర ఎందుకు చెడిందో చెప్పలేనివారు వారిలో అనేకులు. చెప్పగలిగినా నమ్మేవారు లేనివారు మరికొందరు. వారి రాత్రుల పట్ల కుటుంబానికి, ఇరుగుపొరుగుకు, రాజ్యానికి ఉన్న బాధ్యత ఏమిటి? వారిని నిద్రపుచ్చే ప్రయత్నం జరిగినప్పుడు ఆ నిద్ర ఎవరి కోసం? ఈ రెండు ప్రశ్నలూ వైద్యానికి సంబంధించినట్లు కనిపించినా నిజానికి ధర్మానికి సంబంధించినవి.

సంప్రదాయంలో నిద్ర

భారతీయ వాఙ్మయం నిద్రను తేలికగా తీసుకోలేదు. చరక సంహిత శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలలో ఆహారం తరువాత నిద్రనే చెప్పి, మూడవదిగా బ్రహ్మచర్యాన్ని పేర్కొన్నది. సుఖదుఃఖాలు, బలాబలాలు, చివరకు జీవితమూ మరణమూ నిద్రపై ఆధారపడి ఉన్నాయని ఆ గ్రంథం భావించింది. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తులను ఆత్మ యొక్క అవస్థలుగా విచారించింది. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునికి గాఢనిద్రను వివరిస్తూ, ఆ స్థితిలో తండ్రి తండ్రి కాడనీ, తల్లి తల్లి కాదనీ, దొంగ దొంగ కాడనీ బోధిస్తాడు. మెలకువలో మనిషికి అంటుకొనే బిరుదులు, నిందలు, స్థానభేదాలు అక్కడ రాలిపోతాయని దాని తాత్పర్యం. ఈ దృష్టితో చూస్తే ‘వికలాంగుడు’, ‘సకలాంగుడు’ అన్న భేదానికి కూడా సుషుప్తిలో చోటు లేదు. ఆ విశ్రాంతిపై ఒకరికి ఎక్కువ హక్కు, మరొకరికి తక్కువ హక్కు ఉన్నదని వాదించడానికి ఆధారం మిగలదు.

ఇతిహాసం ఇంకొక అడుగు ముందుకు వేసింది. మహాభారతంలోని సౌప్తిక పర్వం నిద్రిస్తున్నవారిపై జరిగిన దాడి కథ. నిద్రలో ఉన్నవారిని చంపడం ధర్మం కాదని, ఆ రాత్రికి నిద్రించి తెల్లవారిన తరువాత పోరాడవచ్చునని కృపాచార్యుడు అశ్వత్థామను వారించాడు. అశ్వత్థామ ఆ మాట వినలేదు. కురుక్షేత్రంలో జరిగిన అధర్మాలు అనేకం ఉన్నా, ఈ రాత్రిదాడికి అంటిన కళంకం ప్రత్యేకమైనది. నిద్రించేవాడు తనను తాను కాపాడుకోలేడు. అందువల్ల అతని రక్షణ మేలుకొని ఉన్నవారి బాధ్యత అవుతుంది. తిక్కన తెలుగు చేసిన పర్వాలలో ఇదీ ఒకటి కనుక ఈ నీతి తెలుగు పాఠకులకు కొత్తది కాదు.

చంపారణ్యం చెప్పే పాఠం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ జిల్లాలో చంపారణ్యం అనే చిన్న గ్రామం ఉన్నది. పుష్టిమార్గ స్థాపకుడైన వల్లభాచార్యులు 1479లో అక్కడ జన్మించినట్లు సంప్రదాయం చెబుతున్నది. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ తెలుగు వెలనాటి బ్రాహ్మణులు. కాశీని విడిచి వస్తుండగా దారిలో నెలలు నిండని శిశువు పుట్టాడనీ, చలనం లేకపోవడంతో ప్రాణం లేదని భావించి తల్లిదండ్రులు ఆ బిడ్డను చెట్టు క్రింద విడిచారనీ, తిరిగి వచ్చి చూడగా శిశువు సజీవంగా కనిపించాడనీ భక్తుల కథనం. చరిత్రకారుడు ఈ కథను చరిత్రగా స్వీకరించకపోవచ్చు. అయినా అందులోని హెచ్చరిక విలువైనది. స్పందన బయటకు కనిపించనంత మాత్రాన లోపల జీవం లేదని తీర్పు చెప్పడం తొందరపాటు.

వల్లభుల మార్గంలో శ్రీకృష్ణుని సేవ ఒక పసిబిడ్డను సాకే పద్ధతిలో జరుగుతుంది. ఆయన కుమారుడు విఠలనాథుని కాలంలో ఆ సేవ ఎంతో విస్తృతమైనది. మంగళతో మొదలై శయనంతో ముగిసే ఎనిమిది దర్శనాలలో, మధ్యాహ్న విశ్రాంతి నుంచి స్వామిని మేల్కొలిపే ‘ఉత్థాపన’ ఒకటి. తిరుమలలో సుప్రభాతానికీ ఏకాంతసేవకూ ఉన్న స్థానం తెలుగువారికి తెలిసినదే. విగ్రహం తనకు చలి వేస్తున్నదని చెప్పదు, నిద్ర వస్తున్నదని చెప్పదు. సేవకుడే ఋతువును, వేళను గమనించి ఊహించుకోవాలి. నోరు తెరిచి అడగనివారి సుఖాన్ని శ్రద్ధతో కనిపెట్టడాన్ని ఈ సమాజం శతాబ్దాలుగా అభ్యసించింది. ఆ శ్రద్ధ ఆలయం గడప దాటి, మాట రాని మనిషి పడకగది దాకా ఎందుకు రాలేదన్నది విచారణీయం. ఇక్కడ ఒక భేదాన్ని కూడా మరువరాదు. విగ్రహం విషయంలో భక్తుని ఊహ తప్పినా బాధపడేవారు లేరు. మనిషి విషయంలో ఊహ తప్పితే బాధపడేవాడు ఎదురుగానే ఉంటాడు. అందువల్ల అక్కడ శ్రద్ధతో పాటు పరిశీలన, తప్పు దిద్దుకొనే సంసిద్ధత కూడా అవసరమవుతాయి.

ఆటిజం – పేరు, చరిత్ర

‘ఆటిజం’ అన్న పదానికి మూలం ‘తాను’ అనే అర్థం గల గ్రీకు మాట. హిందీలో వాడే ‘స్వలీనత’ కూడా అదే భావాన్ని ఇస్తుంది. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల వృత్తాంతాలను ప్రచురించాడు. మరుసటి సంవత్సరం వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పిల్లల గురించే వ్రాశాడు. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం దీనికి ‘శైశవ ఆటిజం’ అని పేరు పెట్టింది. పేరులోనే శైశవం ఉండటంతో ఆ పిల్లలు పెరిగి పెద్దవారవుతారన్న సంగతి చాలాకాలం మరుగున పడింది. ఇంద్రియాల అతిస్పందన లేదా అల్పస్పందనను ఇదే గ్రంథం లక్షణాల పట్టికలో చేర్చినది 2013లో మాత్రమే. ‘తనలో లీనమైనవాడు’ అని లోకం పిలిచిన వ్యక్తి, నిజానికి బయటి ధ్వనిని, వెలుతురును, స్పర్శను ఇతరులకంటె ఎక్కువగా అనుభవిస్తూ ఉండవచ్చునని అంగీకరించడానికి ఏడు దశాబ్దాలు పట్టింది.

భారతదేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఆటిజాన్ని పేర్కొనలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దానిని గుర్తించింది. 2016లో ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో దానిని చేర్చింది. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఈ రంగంలో తెలుగునేలకు గుర్తింపు తెచ్చింది. ఇప్పుడు వేరే పేరుతో కొనసాగుతున్న ఆ సంస్థ ఆధ్వర్యంలోనే ఛత్తీస్‌గఢ్‌లోని రాజనందగావ్‌లో ప్రాంతీయ కేంద్రం పనిచేస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రతి 127 మందిలో ఒకరు ఆటిజం గలవారు. 2011 జనగణననాటికే 10 లక్షలు దాటిన రాయపూర్ నగర జనాభాకు ఈ నిష్పత్తిని అన్వయిస్తే, స్థూలంగా 8 వేలమంది లెక్కకు వస్తారు. ఇది అంచనా మాత్రమే. అయినా వారిలో వయోజనులు ఎక్కడ, ఎలా నిద్రిస్తున్నారన్న ప్రశ్న చిన్నది కాదని ఇది తెలియజేస్తున్నది.

నిద్ర చెడటానికి కారణాలు

ఆటిజం గల పిల్లలలో 50 నుంచి 80 శాతం మందికి నిద్ర సమస్యలు ఉన్నట్లు వివిధ అధ్యయనాలు పేర్కొన్నాయి. పెద్దలపై జరిగిన పరిశోధన ఇంతకంటె చాలా తక్కువ. జరిగినంతవరకు అది చెబుతున్నది ఒక్కటే: ఈ సమస్యలు వయసుతో పాటు వాటంతట అవే సమసిపోవు. నిద్ర పట్టడానికి ఎక్కువ సమయం పట్టడం, మధ్యలో పదేపదే మెలకువ రావడం, నిద్రవేళ బాగా ఆలస్యంగా జరిగిపోవడం పెద్దలలోనూ కనిపిస్తాయి. నిద్ర సరిగా లేనివారిలో ఆందోళన, కుంగుబాటు, జీవనంపై అసంతృప్తి ఎక్కువగా ఉండటం కూడా గమనించారు.

కారణాలు ఒకటి కాదు. చీకటి పడగానే దేహంలో ఉత్పత్తి అయ్యే మెలటోనిన్ కొందరిలో తక్కువగా ఉంటున్నది. కొందరికి పంకా చప్పుడు, దుప్పటి గరుకుదనం, కిటికీలోంచి వచ్చే వీధిదీపపు వెలుగు భరింపరానివి. కొందరికి మూర్ఛవ్యాధి తోడవుతుంది. నిద్రలేమి మూర్ఛలను ప్రేరేపించగలదు కనుక ఒకటి మరొకదానిని పెంచుతుంది. మలబద్ధకం, పంటినొప్పి వంటి సామాన్య బాధలను మాటలలో చెప్పలేనివారు అర్ధరాత్రి లేచి తిరుగుతారు. చూసేవారికి అది ‘ప్రవర్తన’గా కనిపిస్తుంది. దాని వెనుక నొప్పి ఉన్నదేమో వెదకడం మొదటి కర్తవ్యం.

పరిశోధన ఏ దిక్కుగా సాగిందో కూడా ఆలోచింపదగినది. ఆటిజం గల పిల్లల కోసం రూపొందించిన మెలటోనిన్ మందుకు ఐరోపాలో 2018లో అనుమతి లభించింది. ఆ అనుమతి 2 నుంచి 18 సంవత్సరాల వయసువారికి. పందొమ్మిదవ ఏట ఆ మనిషి దేహం మారదు, రాత్రి మారదు. అతనిపై లోకానికి ఉన్న ఆసక్తి మాత్రం మారుతుంది. బ్రిటన్‌లో బరువు దుప్పట్లపై జరిగి 2014లో ప్రచురితమైన అధ్యయనం మరొక పాఠం చెప్పింది. కొలతల ప్రకారం ఆ దుప్పట్లు పిల్లల నిద్ర నిడివిని పెంచలేదు. పిల్లలు, తల్లిదండ్రులు మాత్రం వాటినే ఇష్టపడ్డారు. నిద్ర ఎన్ని గంటలన్నది యంత్రం చెప్పగలదు. పడక సుఖంగా ఉన్నదా లేదా అన్నది పడుకొన్నవారే చెప్పాలి. క్షేమం అన్న మాటలో ఈ రెండూ ఇమిడి ఉన్నాయి.

రాయపూర్ రాత్రి

రాయపూర్‌కు తెలుగువారి వలస పాతది. విజయనగరం – రాయపూర్ రైలుమార్గం 1931లో పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్ మైదానానికి దారి సుగమమైనది. రైల్వే కొలువులు, వ్యాగన్ మరమ్మతు కర్మాగారం, సమీపంలోని భిలాయి ఉక్కు కర్మాగారం అనేక కుటుంబాలను ఆకర్షించాయి. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడిన తరువాత రాజధాని వేగంగా విస్తరించింది. హౌరా – ముంబయి ప్రధాన రైలుమార్గం నగరం గుండా సాగుతుంది. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలు రాత్రీ పగలూ పనిచేస్తాయి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం సాధారణం. ఇరుకు ఇళ్లలో కూలర్ హోరు లేకుండా నిద్ర లేదు, ఆ హోరు భరించలేనివారికి కూలర్ ఉన్నా నిద్ర లేదు. పెళ్లిళ్ల రోజులలో, గణేశ నిమజ్జనం వేళ డీజే వాహనాల మోత దీనికి అదనం.

చట్టం మౌనంగా లేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ధ్వని 45 డెసిబెళ్లను మించరాదు. 2011 జూన్‌లో ఢిల్లీ రాంలీలా మైదానంలో నిద్రిస్తున్న జనంపై జరిగిన పోలీసు చర్య విషయంలో 2012 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చే జీవనహక్కులో నిద్ర కూడా భాగమని స్పష్టం చేసింది. కృపాచార్యుని వాదనకు ఆధునిక న్యాయస్థానం ఇచ్చిన రూపంగా దీనిని భావించవచ్చు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కూడా ఇటీవలి సంవత్సరాలలో డీజేల రొదపై స్వయంగా విచారణ చేపట్టింది.

అయితే సంవత్సరంలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు లౌడ్‌స్పీకర్లను అనుమతించే వెసులుబాటు కూడా ఆ నియమాలలోనే ఉన్నది. ఉత్సవం సమాజానికి అవసరమే. ఆ పదిహేను రాత్రుల మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారన్నది లెక్కలోకి రావాలి. సామాన్యుడు మరునాడు కాస్త బడలికతో పనికి వెళతాడు. ఆటిజం గల వ్యక్తికి ఒక రాత్రి చెదరిన క్రమం కుదురుకోవడానికి అనేక రోజులు పట్టవచ్చు. అందరికీ సమానమైన మోత అందరికీ సమానమైన భారం కాదు.

నిద్రా, నిశ్శబ్దమా?

ఇక ఇంటిలోపలి ప్రశ్న. కర్మాగారంలో పనిచేసి విశ్రాంత జీవితంలో ఉన్న తండ్రి, మోకాళ్లనొప్పులతో బాధపడే తల్లి, ముప్పై ఏళ్లు దాటిన కుమారుడు ఉన్న కుటుంబాన్ని ఊహించవచ్చు. కుమారుడు రాత్రి రెండింటికి లేచి గది నుంచి గదికి తిరుగుతాడు, దీపాల స్విచ్చులు వేసి తీస్తాడు, ఒకే శబ్దాన్ని గొంతులో పలుకుతూ ఉంటాడు. క్రింది వాటావారు ఫిర్యాదు చేశారు. బంధువులంతా శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఉన్నారు. ఒక్క రాత్రి వచ్చి కూర్చొనేవారు లేరు. తల్లి తెలుగులో చెప్పే ‘బెంగ’, ‘నలత’ అన్న మాటలు హిందీలో వైద్యుని చేరేసరికి ‘ఇబ్బంది పెడుతున్నాడు’ అన్న ఒక్క మాటగా మిగులుతాయి. చివరకు ఒక మత్తుమాత్ర ఇంటికి వస్తుంది. ఇల్లు నిద్రిస్తుంది.

ఆ మాత్ర ఇచ్చిన తల్లిని నిందించడం సులభం, అన్యాయం కూడా. లక్ష్మణుడు పదునాలుగేండ్లు నిద్ర మాని అన్నను కాచాడనీ, ఆ నిద్రను అయోధ్యలో ఊర్మిళ నిద్రించిందనీ తెలుగునాట కథ. ‘ఊర్మిళాదేవి నిద్ర’ తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకొన్న పాట. ఒకరి మెలకువకు మరొకరి నిద్రతో ముడి ఉన్నదన్న ఎరుక ఆ కథలో ఉన్నది. కానీ లక్ష్మణుని దీక్షకు పదునాలుగేండ్ల గడువు ఉన్నది. ఈ తల్లి దీక్షకు గడువు లేదు. తన తరువాత ఆ కావలిని ఎవరు అందుకొంటారో కూడా ఆమెకు తెలియదు. ఆమె నిద్ర కూడా హక్కే.

అయినప్పటికీ ఒక భేదాన్ని గుర్తించక తప్పదు. నిద్ర వేరు, నిశ్శబ్దం వేరు. మందు కొన్ని సందర్భాలలో అవసరం, మేలు కూడా. నొప్పికీ, మూర్ఛకూ, ఆందోళనకూ తగిన చికిత్స జరిగి, వైద్యుని పర్యవేక్షణలో మందు ఇచ్చినప్పుడు అది ఆ వ్యక్తి కోసం ఇచ్చినది. కారణం వెదకకుండా, అతడు మరునాడు ఎలా ఉన్నాడో గమనించకుండా, ఇరుగుపొరుగు నోరు మూయించడానికి ఇచ్చినప్పుడు అది ఇతరుల కోసం ఇచ్చినది. మాత్ర ఒకటే కావచ్చు. ధర్మం ఒకటి కాదు. ఒక సులభమైన పరీక్ష ఉన్నది: ఆ వ్యక్తి తెల్లవారి లేచిన తరువాత తనకు ఇష్టమైన పనిని మునుపటికంటె మెరుగుగా చేయగలుగుతున్నాడా, లేక పగలంతా మగతలో పడి ఉంటున్నాడా?

2016 చట్టం ఈ భేదానికి ఒక మార్గం చూపింది. దాని 14వ సెక్షన్ చెప్పే పరిమిత సంరక్షకత్వం పరస్పర అవగాహన, విశ్వాసాలపై నిలిచిన ఉమ్మడి నిర్ణయ విధానం. మాటలు లేనివారితో ఉమ్మడి నిర్ణయం ఎలా సాధ్యమని అడగవచ్చు. ఏ గదిలో త్వరగా నిద్రపట్టింది, ఏ దుప్పటిని తోసివేశాడు, ఏ రాత్రి లేవలేదు అని నెలరోజులు వ్రాసి ఉంచిన నోటుపుస్తకం కూడా అతని అభిప్రాయమే. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, స్వయంగా ఆటిజం గల డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన భావన ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఆటిజం గలవారు ఇతరులను అర్థం చేసుకోలేకపోవడం ఎంత నిజమో, ఇతరులు వారిని అర్థం చేసుకోలేకపోవడమూ అంతే నిజమని ఆయన వాదించాడు. లోపం ఇరువైపులా ఉన్నప్పుడు దానిని దిద్దుకొనే శ్రమ ఒకవైపే ఉండటం న్యాయం కాదు.

అందరిలా నిద్రించడమే క్షేమమా?

ఇంకొక ప్రశ్న మిగిలి ఉన్నది. రాత్రి పదింటికి పడుకొని ఉదయం ఆరింటికి లేవడమే క్షేమమా? నిద్రవేళ సహజంగా ఆలస్యమైన వ్యక్తి తెల్లవారుజామున మూడింటికి పడుకొని పది, పదకొండు గంటలకు లేచి ఉత్సాహంగా ఉంటే, చెడినది అతని నిద్ర కాదు. లోకపు గడియారంతో అతని పొత్తు మాత్రమే. భిలాయిలో కొలిమి ఆగరాదన్న కారణంతో వేలాది కార్మికులు మూడు షిఫ్టులలో నిద్రవేళలు మార్చుకొన్నారు. ఉక్కు కోసం గడియారాన్ని మార్చగలిగిన సమాజం మనిషి కోసం మార్చలేనని అనడం పొసగదు. చట్టం చెప్పే ‘సహేతుక సౌలభ్యం’లో ఆలస్యంగా మొదలయ్యే పనివేళ కూడా చేరవచ్చు.

దీనికి ఎదురువాదం బలహీనమైనది కాదు. ప్రతి నిద్రలేమినీ వైవిధ్యమని కీర్తించడం మరొక విధమైన ఉపేక్ష అవుతుంది. నిద్ర లేక అలసి, చిరాకుతో, భయంతో గడుపుతున్న మనిషికి ‘నీ స్వభావమే అంత’ అని చెప్పడం సానుభూతి కాదు. ఆ మనిషి బాధపడుతున్నాడా అన్నదే గీటురాయి. బాధ ఉన్నచోట చికిత్స కావాలి. బాధ లేక కేవలం తేడా ఉన్నచోట ఇతరుల ఓర్పు కావాలి. ఏది ఎక్కడ అన్నది ప్రతి వ్యక్తి విషయంలో విడిగా తేల్చుకోవలసినదే. వర్గానికంతటికీ ఒకే తీర్పు లేదు.

ఈ ధర్మం కుటుంబం ఒక్కటే మోయగలిగినది కాదు. సంరక్షకులకు కొద్దికాలం విశ్రాంతి కల్పించే ‘సమర్థ్’, వయోజనుల నివాసానికి ఉద్దేశించిన ‘ఘరౌందా’ వంటి నేషనల్ ట్రస్టు పథకాల వెనుక ఉన్న భావం సరైనదే. వాటిని ప్రతి జిల్లాకూ, ప్రతి భాష మాట్లాడే కుటుంబానికీ చేర్చడం పాలనాయంత్రాంగం పని. పిల్లల వైద్యుని వద్ద ముగిసిపోయే చికిత్సను పెద్దల వైద్యానికి అందించడం ఆసుపత్రుల పని. మిగిలిన పనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర లేదు. క్రింది వాటావారు ఫిర్యాదు వ్రాసే ముందు ఒకసారి మెట్లెక్కి, ఆ ఇంట్లో రాత్రంతా మేలుకొని ఉన్నది ఎవరో అడిగి తెలుసుకోవచ్చు. తమ ఇంటి పెళ్లి ఊరేగింపు ఆ వీధి మలుపు చేరే సమయాన్ని ముందుగా చెప్పవచ్చు. ఆ నాలుగు ఇళ్ల మేర పాటను ఆపవచ్చు. చంపారణ్యానికి యాత్రగా వెళ్లి శయన దర్శనం వేళ గొంతు తగ్గించి నిలబడే జనానికి ఇది తెలియని మర్యాద కాదు.